గేటు ముందు పావుగంట

"అన్నా, ముట్టుకోకు. పావుగంటైతే అదే స్టార్ట్ అయితది."

నేను బానెట్ మీద చెయ్యి వేశానో లేదో, కారు కిటికీలోంచి ఈ మాట వినిపించింది. పదేళ్లుగా ఇంజిన్లతో కాపురం చేస్తున్నాను. పావుగంటలో తనంతట తానే బాగైపోయే బండిని చూడలేదు. ఆ సంగతి మెకానిక్‌కే చెప్పే అమ్మాయిని అసలే చూడలేదు.

కొత్తపేట మెయిన్ రోడ్డు, సాయంత్రం ఆరు కావస్తోంది. వాన సన్నగా పడుతోంది, మెట్రో వంతెన మీద నుంచి మాత్రం ధారగా కారుతోంది. గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ గేటు ముందు ఇరవై ఏళ్ల నాటి తెల్ల కారొకటి లైట్లు మిణుకుమిణుకుమంటూ ఆగి ఉంది. ఎదురుగా చాయ్ తాగుతున్న నాకు ఆగిన బండిని చూస్తూ ఊరుకోవడం చేతకాదు. గేటు పక్క సందులోనే నా షెడ్. పేరు మహిపాల్. మాది నల్గొండ వైపు ఊరు.

"మేడమ్, నేను మెకానిక్‌ను. ఒక్కసారి చూస్త."

"నీ కంటే ముందు ముగ్గురు మెకానిక్‌లు చూసిన్రు. ఒకాయన బ్యాటరీ మార్చిండు, ఒకాయన ఫ్యూయల్ పంప్ మార్చిండు. మూడో ఆయన నిమ్మకాయలు కట్టుకొమ్మన్నడు."

"కట్టిన్రా?"

"కట్టినం. నిమ్మకాయలు మంచిగనే ఉన్నయి. కారే ఆగుతుంది."

నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. తడిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని వాచీ చూసుకుంది. "ఇది ఆరో గురువారం అన్నా. గురువారమే. గీ గేటు ముందే. మిగిలిన ఆరు రోజులు ఊరంత తిప్పినా ఏం కాదు."

తాళం తిప్పమన్నాను. స్టార్టర్ గిర్రున తిరిగింది గాని ఇంజిన్ అందుకోలేదు. అప్పుడు వినిపించింది, వెనక సీట్లోంచి ఒక సన్నని గొంతు.

"...కరెంటు బిల్లు కట్టినం. పక్కింటి సుమిత్రమ్మకు మోకాలు ఆపరేషన్ అయింది. వంటింట్ల పంపు కారుతుంది, ఇంకా చేపియ్యలే..."

వెనక సీట్లో యాభై ఐదేళ్ల ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో ఫోన్ లేదు. ముఖం గేటు వైపు తిప్పి, ఎదురుగా నిలబడ్డ మనిషితో ముచ్చట పెట్టినట్టు చెప్పుకుంటూ పోతోంది. గేటుకు తాళం. దాని వెనక రేకుల గోడ, కొత్తగా కడుతున్న దవాఖాన పిల్లర్లు. మనిషన్నవాడు లేడు.

ఇంతలో బత్తాయి వాసన వచ్చింది. అప్పుడే గోరు గుచ్చి తొక్క తీస్తే వస్తుందే, ఆ ఘాటు వాసన. మార్కెట్ ఇక్కణ్ణుంచి లేచిపోయి ఏళ్లవుతోంది. చుట్టుపక్కల పండ్ల బండి కూడా లేదు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది.

"సరే మరి, పోయొస్త," అంది వెనక సీటావిడ. ముందు సీట్లో అమ్మాయి తాళం తిప్పింది. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

కారు వెళ్లిపోయాక కూడా నేను వానలోనే నిలబడి ఉన్నాను. చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

మర్నాడు పొద్దున ఆ అమ్మాయే కారు తీసుకుని షెడ్‌కు వచ్చింది. పేరు ప్రవీణ. చైతన్యపురిలో కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతుందట, ఇల్లు ఎల్బీనగర్‌లో.

"నిన్న నువ్వు భయపడ్డవు గద అన్నా?"

"నేనా? చలికి వణికిన."

"జూలైల?"

ఏమీ తెలియనట్టు స్పానర్ వెతుక్కున్నాను. ఆమె స్టూల్ మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. కారు వాళ్ల నాన్నది. ఆయన యాదగిరి సేటు, పాత మార్కెట్లో బత్తాయిల కమీషన్ దుకాణం. రోజూ తెల్లారక ముందే ఈ కారులో ఆ గేటు దగ్గరికే వచ్చేవాడు. మార్కెట్ ఊరవతలికి పోయాక మనిషి దిగాలు పడిపోయాడు, ఏడాది తిరగకుండానే ఒక గురువారం పోయాడు. మొన్న జూన్‌లో మూడో సంవత్సరీకం పెట్టారు. ఆ తర్వాత గురువారం నుంచే కారు ఆగడం మొదలైంది.

"గురువారం గురువారం అమ్మను దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి తీస్కపోత. ఒచ్చేటప్పుడు గేటు కాడ ఆగుతది. నాయిననే ఆపుతుండని అమ్మ నమ్మకం."

"మీ నమ్మకం?"

"ఫిజిక్స్ చెప్పుకొని బతుకుతున్న. నాకేం నమ్మకం ఉంటది? గాని గేటు దగ్గరికి ఒస్తుంటే చేతులు చల్లబడతయి."

స్కానర్ పెట్టాను, ఏ తప్పూ చూపించలేదు. ప్లగ్గులు, వైర్లు, పంపు అన్నీ చూశాను. శుక్రవారం నాగోల్ దాకా, శనివారం హయత్‌నగర్ దాకా తోలాను. ఆదివారం కావాలని ఆ గేటు ముందు నుంచే పదిసార్లు తిప్పాను. కారు బుద్ధిమంతుడి లెక్క నడిచింది. మెకానిక్‌ను చూడగానే మాయమైపోయే జబ్బుకు మందు ఎవడివ్వగలడు?

ఇక మిగిలింది ఒక్కటే. గురువారం నేను కూడా కార్లో కూర్చోవడం.

ఆ గురువారం గుడి దగ్గర జనం ఎప్పట్లాగే కిక్కిరిసి ఉన్నారు. దర్శనమయ్యాక బయటపడటానికే నలభై నిమిషాలు పట్టింది. ఏసీ వేసుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ చైతన్యపురి దాటాం. నేను ముందు సీట్లో ప్రవీణ పక్కన. అద్దంలో వాళ్లమ్మ అరుణమ్మ నన్నే చూస్తోంది. ఆవిడ ఒళ్లో ఒక బత్తాయి.

"మీటర్ దిక్కే చూస్తున్నవేంది? రోడ్డు దిక్కు చూడు, జర ధైర్యమన్న ఒస్తది," అంది ప్రవీణ.

"రోడ్డును చూసేటందుకు మీరున్నరు గద మేడమ్."

"మరి నన్ను చూస్తున్నవేంది?"

మీటర్ ఆమె ముందే ఉంటుందని చెప్పబోయాను. చెప్పినా నమ్మేది కాదు, సగం అబద్ధం కూడాను.

కొత్తపేట చౌరస్తా దాటాం. గేటు కనిపించింది. ప్రవీణ వేళ్లు స్టీరింగ్ మీద బిగిశాయి. గేటుకు పది గజాలుందనగా, బండి ఇంకా దొర్లుతుండగానే ఇంజిన్ తిరుగుళ్లు చూపించే ముల్లు టక్కున సున్నాకు పడిపోయింది. ఎవరో వేలితో కిందికి నొక్కినట్టు పడింది. ఆ తర్వాతే ఇంజిన్ ఆగింది. బండి సరిగ్గా గేటు ముందుకు దొర్లి నిలబడింది.

బత్తాయి వాసన. ఈసారి ఇంకా గట్టిగా.

"నేను ఒచ్చిన," అంది వెనక నుంచి అరుణమ్మ. "ఇయ్యాల మన మట్టయ్య కొడుకు గూడ ఒచ్చిండు."

మట్టయ్య మా నాన్న పేరు. ఈ తల్లీకూతుళ్లకు నేను ఆ పేరు చెప్పలేదు. షెడ్ బోర్డు మీద కూడా లేదు. ప్రవీణ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం వెనక్కి తిరగలేదు.

పావుగంట గడిచింది. "పోయొస్త" అంది అరుణమ్మ. కారు స్టార్టయింది.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి నాన్నను అడిగాను. "యాదగిరి సేటా! ముప్పై ఏండ్లు ఆయన దుకాణంలనే బుట్టలు మోసిన గదరా," అన్నాడు. "పొద్దుగాల మొదటి బుట్టల మొదటి పండు అమ్మకపోయేటోడు. అది మోసినోని చేతుల పెట్టేటోడు. బోణీ పండు అనేటోడు. చిన్నప్పుడు నేను తెచ్చిస్తే తినలేదా నువ్వు?"

తిన్నాను. ఎవరి చేతి పండో నాకు తెలియదు, అంతే.

కాని ఆ ముల్లు నన్ను నిద్రపోనివ్వలేదు. బండి ఇంకా గేర్‌లో దొర్లుతోందంటే లోపల ఇంజిన్ తిరుగుతున్నట్టే. మరి మీటర్ సున్నా ఎందుకు చూపించింది? ఇంజిన్ తిరుగుతోందన్న కబురు పైకి పంపేవాడు నోరు మూసుకుంటేనే అలా జరుగుతుంది. తెల్లారేసరికి నాకు వాడి పేరు తెలిసిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఎల్బీనగర్ వాళ్లింటికి వెళ్లాను.

"మేడమ్, మీ హెయిర్ డ్రయ్యర్ జర ఇస్తరా?"

ప్రవీణ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. "పెండ్లిచూపులకు పోతున్నవా అన్నా?"

"కారుకు పెడత."

కారు ఇంటి ముందే జాకీ మీద లేపి కింద దూరాను. ఇంజిన్ అడుగున, గేర్‌బాక్స్ పక్కన బొటనవేలంత నల్ల ముక్క ఉంటుంది. క్రాంక్ సెన్సర్. ఒకే ఒక బోల్టు. ఊడదీసి మెట్ల మీద పెట్టి, రెండు కాళ్లకు మల్టీమీటర్ తగిలించాను. ఎనిమిది వందల ఓమ్‌లు చూపించింది.

"ఇంజిన్ తిరుగుతుందని కంప్యూటర్‌కు చెప్పేది గిదే," అన్నాను. "ఇది చెప్తేనే నిప్పురవ్వ, ఇది చెప్తేనే పెట్రోలు. ఇప్పుడు డ్రయ్యర్ పెట్టున్రి."

ఆమె నా పక్కన మెట్టు మీద కూర్చుని వేడి గాలి పట్టింది. సగం గాలి నా ముఖానికే వస్తోంది. ఆమె షాంపూ వాసన, కాలిన గ్రీజు వాసన కలిసిపోయాయి. అంకెలు మెల్లగా ఎక్కాయి. తొమ్మిది వందలు. వెయ్యి. వెయ్యిన్నర. ఉన్నట్టుండి మీటర్ ఖాళీ అయిపోయింది.

"సచ్చిందా?" అంది గుసగుసగా.

"మూర్ఛపోయింది. ఊదున్రి."

ఇద్దరం కలిసి ఊదాం. తలలు ఢీకొన్నాయి. కాసేపటికి ఎనిమిది వందలు తిరిగొచ్చింది.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "వేడి! లోపల సన్నటి తీగ తెగి ఉంటది, వేడికి విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. గురువారం గుడి ట్రాఫిక్‌ల నలభై నిమిషాలు నిలబడ్డ ఇంజిన్ కాలుతది. గేటు దగ్గరికి ఒచ్చేసరికి ఆగుతది, పావుగంటల చల్లారుతది... మహిపాల్, గంతేనా?"

గంతే. కాని నాకు వేరొకటి వినిపించింది. అన్నా అనలేదు. పేరు పెట్టి పిలిచింది. ఆమెకు తెలిసి అందో, తెలియక అందో అడిగే ధైర్యం నాకు లేదు.

నవ్వుకుంటూ తలెత్తేసరికి గుమ్మంలో అరుణమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది. ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మా నవ్వు అక్కడే ఆగిపోయింది.

పాత సెన్సర్‌నే తిరిగి బిగించి, కొత్తది తెప్పిస్తానని చెప్పి బయల్దేరాను. వీధి మలుపు దాకా వచ్చింది అరుణమ్మ, చెప్పులు కూడా వేసుకోకుండా.

"బిడ్డా, మీ నాయిన మంచిగున్నడా?"

"ఉన్నడమ్మా. నేను మట్టయ్య కొడుకునని మీకెట్ల తెలిసింది?"

"ఎడమ భుజం దించి నడుస్తవు, మీ నాయిన లెక్కనే. ఆయనంటే బుట్టలు మోసి గట్లయిండు. నీకేం రోగం?" నవ్వింది, మళ్లీ వెంటనే ముఖం మారిపోయింది. "గా ముక్క ఇప్పుడే మార్చకు బిడ్డా. నాలుగు గురువారాలు ఆగు."

"అమ్మా, అది..."

"నాకు సమజయింది. తీగనే, వేడినే. నేను పిచ్చిదాన్ని గాదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన పానం మంచిగున్నప్పుడు ధనరాజ్ సేటుకు మాటిచ్చిండు, పిల్లను మీ కొడుకు గౌతమ్‌కే ఇస్తమని. పిల్లకు ఇష్టం లేదు. వాళ్లకు కాదని చెప్పే ముందు ఆయనకు చెప్పాలె గద. ఏడు గురువారాలాయె. కరెంటు బిల్లు చెప్తున్న, మోకాళ్లు చెప్తున్న. గీ ముచ్చట మాత్రం నోట్లకెల్లి ఒస్తలేదు. ఇంట్ల ఫోటో ముందు చెప్తే ఆయన విన్నట్టు అనిపియ్యదు. గేటు కాడ అనిపిస్తది. ప్రవీణకు చెప్పకు."

చనిపోయిన మనిషి మాట దాటడానికి ఆయన దగ్గరే సెలవు తీసుకోవాలనుకుంటున్న మనిషితో ఏం వాదిస్తాను? సరేనన్నాను. పిల్లకు ఇష్టం లేదన్న మాట దగ్గర నా గుండె ఎగిరి గంతేసిన సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. ఆ సరేలో నా స్వార్థం కొంత ఉంది.

సెన్సర్ సోమవారమే వచ్చింది. డబ్బా తీసి షెడ్‌లో దేవుడి పటం వెనక పెట్టాను.

"ఇంకా రాలేదా?" ప్రవీణ ఫోన్ చేసేది.

"పాత మోడల్ గద మేడమ్. దొరకాలె."

"మేడమేంది? నాకు పేరు లేదా?"

గురువారాలు ఇద్దరి మధ్య కూర్చునేవాణ్ణి. అంటే, సీటు ముందుదే, మనసు సంగతి చెబుతున్నాను. గేటు ముందు కారు ఆగగానే ప్రవీణా నేనూ దిగి మెట్రో పిల్లర్ కింద నిలబడేవాళ్లం, అరుణమ్మను ఆమె పావుగంటతో వదిలేసి. వాన పడేది. ప్రవీణ నా గొడుగులోకి వచ్చేది గాని, గొడుగు నా చేతిలో లేనట్టే మాట్లాడేది.

"నీకు భయం పోయిందా?"

"సెన్సర్ అని తెల్సినంక గూడ భయమేంది?"

"మరి గీ వాసన?"

కారు సీట్లలో ఏళ్ల తరబడి బత్తాయిలు ఇంకిపోయాయని, వేడెక్కితే వాసన వస్తుందని చెప్పాను. ఆమె తలూపింది. మేమిద్దరం కారుకు ఇరవై గజాల దూరంలో నిలబడి ఉన్నాం, వాన గాలి మా వైపు నుంచి కారు వైపుకే వీస్తోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె గొడుగులోకి ఇంకొంచెం జరిగింది.

రెండు గురువారాలు అలా గడిచాయి. రెండుసార్లూ అరుణమ్మ పంపు సంగతి, పాల ప్యాకెట్ల సంగతి చెప్పి "పోయొస్త" అంది.

ఆ శనివారం సాయంత్రం ప్రవీణ షెడ్‌కు వచ్చింది. ఆటోలో వచ్చింది. మోచేయి గీరుకుపోయి ఉంది, పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"ఎల్బీనగర్ అండర్‌పాస్‌ల ఆగింది," అంది. "వాన, జామ్. గంట నిలబడ్డంక కదిలింది, మధ్యల సచ్చింది. వెనక లారీ. వాడు బ్రేక్ కొట్టకపోయి ఉంటే..." మాట మింగేసింది. "అద్దం ఊడిపోయింది, గంతే. అమ్మ లేదు కార్ల, నయం."

సెన్సర్‌కు గేటు తెలియదు, గురువారం తెలియదు, వేడి ఒక్కటే తెలుసు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసి ఊరుకున్నాను. కూర్చోమని స్టూల్ లాగబోతే భుజం దేవుడి పటానికి తగిలింది. పటం వెనక నుంచి డబ్బా కింద పడింది.

ప్రవీణ తీసి చూసింది. ఆమెకు ఆ నల్ల ముక్కను ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"...రెండు వారాలైంది."

"రెండు వారాలు?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఎందుకు? నాతోని కార్ల తిరగనీకా? గొడుగు పట్టుకోనీకా?"

అరుణమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మాటిచ్చాను. పైగా ఆమె అడిగినదాంట్లో కొంత నిజం ఉంది.

"తప్పు నాదే," అన్నాను.

"ఒచ్చి వెయ్యి. ఇప్పుడే వెయ్యి అన్నా."

ఆ 'అన్నా' లారీ కంటే గట్టిగా తగిలింది.

కారు అండర్‌పాస్ పక్కన సర్వీస్ రోడ్డు మీదికి నెట్టి ఉంది. జాకీ పెట్టి కింద దూరాను. ఆమె టార్చ్ పట్టింది. బోల్టు తీశాను, పాతది లాగాను, వేడికి చేతికి చురుక్కుమంది. గుడ్డతో గుంత తుడిచి, కొత్తదాని రబ్బరు రింగుకు నూనె రాసి కూర్చోబెట్టాను. కనెక్టర్ టిక్కుమని పడింది. మొత్తం ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలూ టార్చ్ వెలుగు ఒక్కసారి కూడా నా ముఖం మీద పడకుండా జాగ్రత్తగా పట్టుకుంది.

కారు వెళ్లిపోయింది. పాత సెన్సర్ నా చొక్కా జేబులో ఉండిపోయింది.

తర్వాతి గురువారం ఆరింటికి నేను చాయ్ దుకాణం దగ్గర నిలబడ్డాను. తెల్ల కారు వచ్చింది. గేటు ముందు నెమ్మదించను కూడా లేదు, దాటిపోయింది. వెనక కిటికీకి ఆనుకుని అరుణమ్మ ముఖం. రైలు కదిలిపోతుంటే ప్లాట్‌ఫారం మీద మనిషిని వెతికేవాళ్లు చూస్తారే, అలా గేటునే చూస్తూ వెళ్లింది. నేను ఆ రోజు చాయ్ తాగలేకపోయాను. బాగు చేసినందుకు బాధపడటం మెకానిక్‌గా నాకు అదే మొదలు.

ఆపై వారం గురువారం. వాన పొద్దుటి నుంచి వదల్లేదు. ఆరు కావస్తుండగా ఫోన్ మోగింది. పన్నెండు రోజుల తర్వాత ప్రవీణ పేరు.

"కారు ఆగింది," అంది.

"ఎక్కడ?"

"గేటు కాడ."

ఫోన్ పెట్టేసి టూల్‌కిట్‌తో పరుగెత్తాను. ఎట్ల ఆగుతది? నా చేతులతో వేశాను. లైట్లు మిణుకుమిణుకుమంటూ అదే కారు, అదే చోటు. బానెట్ ఎత్తాను. కనెక్టర్ గట్టిగా ఉంది. వైర్లు బాగున్నాయి.

"తాళం తిప్పున్రి," అన్నాను.

ప్రవీణ తిప్పలేదు. కారు దిగి వచ్చి నా పక్కన నిలబడింది, గొడుగు లేకుండా.

"కారు ఆగలే. నేనే ఆపిన."

ఎత్తిన బానెట్ దించేశాను.

"పోయిన గురువారం కెల్లి అమ్మ అన్నం సరిగ్గ తింటలేదు. నిన్న అడిగితే అంత చెప్పింది. నాలుగు గురువారాలు ఆగుమన్నది తనేనని గూడ చెప్పింది." ఆమె కళ్లలో వానో, ఇంకేమిటో. "నన్ను గన్ని మాటలు అననిచ్చినవు. నోరు లేదా నీకు?"

"మాటిచ్చిన."

"మా ఇంట్ల అందరు మాటిచ్చుడే," అంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇంజిన్ ఆపనీకి సెన్సరే ఎందుకు చెడిపోవాలె? తాళం లేదా? గీ పాటి ఫిజిక్స్ నాకు రెండు నెల్లు తట్టలే."

కారు అద్దం దిగింది. అరుణమ్మ మమ్మల్ని చూడటం లేదు. గేటు వైపు తిరిగి ఉంది. ఈసారి కరెంటు బిల్లు లేదు, పంపు లేదు.

"చూడు," అంది. "ధనరాజ్ సేటుకు నువ్విచ్చిన మాట నేను నిలబెడ్తలేను. పిల్ల ఒద్దంటుంది. రేపు పోయి నేనే చెప్తున్న. నీకు కోపమైతే నా మీద జెయ్యి, పిల్ల మీద గాదు."

వాన ఒక్కసారి సన్నబడింది. రేకుల వెనక ఏదో కదిలింది. గాలే అయి ఉంటుంది. అరుణమ్మ నిండా ఊపిరి పీల్చుకుంది. బరువు దించుకున్న మనిషి పీల్చే ఊపిరి అది.

"సరే మరి, పోయొస్త. తియ్యి బిడ్డా కారు."

ప్రవీణ కూర్చుని తాళం తిప్పింది. స్టార్టర్ గిర్రున తిరిగింది. ఇంజిన్ అందుకోలేదు.

మళ్లీ తిప్పింది. అందుకోలేదు.

కొత్త సెన్సర్. వేడెక్కని ఇంజిన్, ఎందుకంటే ఆ రోజు గుడికి పొద్దున్నే వెళ్లొచ్చారట, ఇప్పుడు ఇంటి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చారట. నేను ప్రవీణ ముఖం చూశాను. అందులో నాటకం లేదు. రక్తం లేదు. బత్తాయి వాసన గుప్పున వచ్చింది. చొక్కా జేబులో పాత సెన్సర్ నా గుండెకు వెచ్చగా తగిలింది. రెండు వారాలుగా ఇంజిన్ ముఖం చూడని ముక్క అది.

అరుణమ్మ ఒక్కతే భయపడలేదు. తాపీగా అంది. "నేను చెప్పేది చెప్పిన. మీరు చెప్పేది మీరు చెప్పలే గద. ఆయన ఎదురు చూస్తుండు."

"అమ్మా!" అంది ప్రవీణ.

"నన్నేమంటవే? గాయనకు చెప్పు. ఒద్దంటివి సరే. ఎవరు గావాల్నో చెప్పలేదు."

మెయిన్ రోడ్డు మీద బస్సులు పోతున్నాయి, పైన మెట్రో పోయింది. నేను గేటు వైపు తిరిగాను. భయమే, ఈసారి చలి మీదికి నెట్టను.

"సేటూ," అన్నాను. "నేను మట్టయ్య కొడుకును. చిన్నప్పుడు మీ బోణీ పండ్లు తిని పెరిగిన. మీ కారు నేనే బాగు చేసిన. ఒక తప్పు గూడ చేసిన, ఇగ చెయ్య. ప్రవీణంటే నాకు పానం. మీకు ఇష్టమైతేనే..."

కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పక్కన నా తడి చేతిని ఒక తడి చెయ్యి పట్టుకుంది.

"నాయినా, వీని కంటే నాకు ఎవ్వరొద్దు," అంది ప్రవీణ గేటుతో. "గొడుగు పట్టనీకి గూడ సక్కగ రాదు. నేనే నేర్పుకుంట."

అరుణమ్మ ఒళ్లోని బత్తాయి తీసింది. కళ్లకద్దుకుని, కిటికీలోంచి చెయ్యి చాపి నా అరచేతిలో పెట్టింది. "బోణీ పండు. మోసేటోనికే ఇచ్చేటోడు ఆయన. ఇగ నువ్వే మొయ్యాలె మమ్ములను." గేటు వైపు చివరిసారి చూసింది. "సరే మరి, ముగ్గురం పోయొస్తం."

ప్రవీణ మళ్లీ కారెక్కి తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది.

మర్నాడు ఆ కారును ఈ చివర నుంచి ఆ చివరిదాకా విప్పి చూశాను. ఏ తప్పూ దొరకలేదు. అది నాటకమా అని ప్రవీణను పెళ్లికి ముందు పదిసార్లు, పెళ్లయ్యాక వందసార్లు అడిగాను. అమ్మ మీద ఒట్టేసి కాదంటుంది. ఒట్టేసిన ప్రతిసారీ ఆమె చేతులు చల్లబడుతున్నాయి కాబట్టి నమ్ముతున్నాను.

పాత సెన్సర్ షెడ్‌లో దేవుడి పటం పక్కనే ఉంది. ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది, ఒక్క గురువారం సాయంత్రం తప్ప. ఆ రోజు ఆరింటికి షెడ్ మూసేసి గేటు దగ్గరికి పోతాను. కారు వస్తుంది. ప్రవీణ తాళం తీసి ఇంజిన్ ఆపుతుంది, అరుణమ్మ అద్దం దించుతుంది. మేమిద్దరం ఒకే గొడుగు కింద పావుగంట నిలబడి, ఆవిడ ముచ్చట అయ్యేదాకా ఆగుతాం.